పాడావును అమ్మి పాల లెక్కలో రాస్తే

మా జేజికి చదువు రాదు. పాల లెక్కలో మాత్రం ఆమెను ఎవరూ ఏమార్చలేరు. పాకాల దగ్గర మా ఊళ్లో పొద్దునా సాయంత్రం కేంద్రంలో పాలు పోసి, వెన్న శాతం దగ్గరుండి చూసుకుని, ఇంటికొచ్చి నా చేత నోటుపుస్తకంలో రాయించేది. ఒక కరువు ఏడాది మేత దొరక్క ఒక ఆవును అమ్మేశాం. ఆ డబ్బును నేను అదే పేజీలో, పాల డబ్బు కిందనే వేసి కూడేశాను. ఆ నెల మా ఇంటికి అంతకుముందెప్పుడూ రానంత ఆదాయం వచ్చినట్టు తేలింది. జేజి ఒప్పుకోలేదు. "అది పాల దుడ్డు కాదబ్బోడా, ఆవు దుడ్డు. కొట్టేసి వేరే పేజీలో రాయి" అంది.

ఆవును అమ్మితే చేతికి డబ్బు వస్తుంది. మర్నాటి నుంచి చెంబెడు పాలు తగ్గుతాయి. ఇది ఏ పాడి ఇంట్లోనైనా తెలిసిన సంగతే. దేశాల లెక్కల్లో మాత్రం నేను చేసిన తప్పే దశాబ్దాలుగా నడుస్తోంది. అడవి కొట్టి కలప అమ్మితే ఆదాయం. ఏట్లో ఇసుక తోడి అమ్మితే ఆదాయం. కుప్పం వైపు కొండను గ్రానైటు దిమ్మెలుగా కోసి ఓడ ఎక్కిస్తే ఆదాయం. ఆ అడవి, ఆ ఇసుక, ఆ కొండ అంతమేరకు తరిగిపోయాయని రాయడానికి ఆ పుస్తకంలో గడే లేదు. సహజ వనరులున్న దేశాల్లో కొన్ని బాగుపడి, కొన్ని ఎందుకు చితికిపోతాయో తెలుసుకోవాలంటే ముందు ఈ లేని గడి గురించి మాట్లాడుకోవాలి.

దేశం ఎంత ఎదిగిందో చెప్పడానికి అందరూ చూపించే అంకె జీడీపీ. ఒక ఏడాదిలో దేశంలో తయారైన సరుకుల, సేవల విలువ అది. అమెరికా మహా మాంద్యంలో ఉన్నప్పుడు, 1934లో, సైమన్ కుజ్నెట్స్ అనే ఆర్థికవేత్త ఆ దేశ సెనేట్‌కు ఇచ్చిన నివేదికతో జాతీయ ఆదాయాన్ని లెక్కగట్టే పద్ధతికి ఒక రూపం వచ్చింది. ప్రజల క్షేమం ఎలా ఉందో ఈ ఒక్క అంకెను చూసి చెప్పలేమని ఆయన అదే నివేదికలో హెచ్చరించాడు కూడా. నిజానికి జీడీపీ తప్పు లెక్క కాదు. అది మోటారు గొట్టంలోంచి పడే నీటిని కొలుస్తుంది. బావిలో ఎంత మిగిలిందో కొలవడం దాని పని కాదు. గొట్టం ధార చూసి బావి నిండుగా ఉందనుకోవడం మన పొరపాటు.

బావిని కొలిచే ప్రయత్నాలు లేకపోలేదు. ప్రపంచ బ్యాంకు కొన్నేళ్లకోసారి దేశాల సంపద మీద నివేదిక వేస్తోంది. అందులో ప్రతి దేశం ఆస్తినీ నాలుగు రకాలుగా విడదీస్తారు. రోడ్లు, ఫ్యాక్టరీలు, భవనాల వంటి మనిషి కట్టినవి ఒకటి. జనం చదువు, నైపుణ్యం, ఆరోగ్యం వల్ల ముందు ముందు సంపాదించగలిగేది రెండు. సాగు భూమి, అడవి, చేపలు, ఖనిజాలు, చమురు మూడు. ఇతర దేశాల నుంచి రావలసిందాన్ని, ఇవ్వవలసిందాన్ని చూసుకుంటే మిగిలేది నాలుగు. 2018లో వచ్చిన నివేదిక ప్రకారం పేద దేశాల మొత్తం సంపదలో ప్రకృతి వాటా 47 శాతం. ధనిక దేశాల్లో అది 3 శాతమే.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చాలామంది ఒక తీర్పు చెప్పేస్తారు. ధనిక దేశాలు ప్రకృతిని వాడేసుకుని పైకొచ్చాయనీ, మనమూ అదే దారిలో పోవాలనీ. అదే నివేదికలో ఇంకో అంకె ఉంది. తలకు ఇంత అని లెక్కిస్తే ధనిక దేశాల మనిషికున్న సహజ సంపద పేద దేశపు మనిషికున్నదానికి మూడు రెట్లు. అక్కడ ప్రకృతి వాటా చిన్నదిగా కనిపించడానికి కారణం మిగతా ఆస్తులు దానికంటే ఎంతో పెద్దవి కావడమే. కొట్టంలో ఆవును ఉంచుకుని, దాని పాలమీద పిల్లల్ని చదివించి, ఆ పిల్లలు ఉద్యోగాలకు పోయిన ఇంట్లో ఆవు వాటా తగ్గినట్టే కనిపిస్తుంది. ఆవు మాత్రం అక్కడే ఉంది.

ఈ తేడాను మా జిల్లాలో చూడాలంటే స్వర్ణముఖి ఒడ్డుకు పోతే చాలు. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి, తిరుపతి పక్కగా, శ్రీకాళహస్తి మీదుగా పారి బంగాళాఖాతంలో కలిసే ఏరు ఇది. ఏడాదిలో ఎక్కువ రోజులు పైకి ఎండిపోయి కనిపిస్తుంది. అందుకే దాని విలువ చాలామందికి తెలియదు. ఇసుక రేణువుల మధ్య ఖాళీ మొత్తం పరిమాణంలో ఇంచుమించు మూడో వంతు ఉంటుంది. వాన పడ్డప్పుడు ఆ ఖాళీల్లో నీరు నిలుస్తుంది. ఎండ తగలదు కాబట్టి చెరువు నీళ్లలా ఆవిరైపోదు. మెల్లగా ఒడ్డు వెంబడి బావుల్లోకి ఊరుతుంది. పాతకాలంలో ఏట్లో ఊట కాలువలు తవ్వి, మోటారు లేకుండా, కరెంటు లేకుండా కయ్యలు తడిపింది ఈ నీటితోనే. అంటే ఏటి ఇసుక ఒక జలాశయం. దానికి గోడలు కట్టే పని లేదు, భూసేకరణ లేదు.

ఇప్పుడు ఒక లారీ ఇసుక తోడి అమ్మారనుకోండి. తోలిన డ్రైవరు కూలి, లారీ బాడుగ, అమ్మిన ధర, ప్రభుత్వానికి కట్టిన సీనరేజీ, అన్నీ ఆదాయంలో చేరతాయి. ఆ ఇసుక అక్కడే ఉంటే వచ్చే ఏడాది, ఆపై ఏడాది, ప్రతి వానాకాలం పట్టి ఉంచే నీటి విలువ ఎక్కడా తీసివేతలో కనిపించదు. వానలు ఏటా కొత్త ఇసుకను తెస్తాయి, నిజమే. తెచ్చినంతలో తీసుకుంటే అది పాలు. అంతకుమించి తీస్తే ఏటి మట్టం దిగిపోయి, ఒడ్డు బావుల్లో నీరు కూడా దాంతోపాటే కిందికి జారుతుంది. అది ఆవు. ఇల్లు కట్టుకోవడానికి ఇసుక కావాలి, ఎవరూ కాదనలేరు. ఎంతవరకు పాలు, ఎక్కడి నుంచి ఆవు అని కొలిచి గీత గీయడమే అసలు పని.

తర్వాత జరిగేది చూడండి. బావి ఎండుతుంది. రైతు బోరు వేయిస్తాడు. మా జిల్లాలో కింద ఉన్నది ఎక్కువచోట్ల గట్టి గ్రానైటు జాతి రాయి. స్పాంజిలా నీరు పీల్చుకునే రాయి కాదు. పైనున్న మెత్తబడ్డ పొరలో కొంత, దాని కింద రాతి పగుళ్లలో కొంత, అంతే నిల్వ. పైపొర ఖాళీ అయ్యాక లోతుకు పోయేది పగుళ్ల వేటే. ఒకచోట రెండంగుళాల నీళ్లు పడతాయి, ఇరవై అడుగుల అవతల దుమ్ము లేస్తుంది. మా నాయన అయిదు బోర్లు వేయించాడు. నీళ్లు పడ్డవి రెండు. మిగిలిన మూడింటికి చేసిన అప్పు తీర్చడానికి మాకు ఏడేళ్లు పట్టింది. 2004 నుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత కరెంటు ఉంది. మాలాంటి ఇళ్లను అది నిలబెట్టింది, ఆ మాట మనస్ఫూర్తిగా అంటాను. కానీ నీరు తోడటానికి ఖర్చు లేనప్పుడు, భూమి కింది నీటికి గట్టు లేనప్పుడు, నేను ఆపితే పక్క చేనాయన తోడేస్తాడనే భయం అందరినీ ఒకేసారి తోడేలా చేస్తుంది. 2002లోనే నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం వచ్చింది. చట్టం పుస్తకంలో ఉంటే బోరు బండి చేలో ఉంటుంది.

బోరు వేయడం దేశం లెక్కల్లో పెట్టుబడి. పైపులు, మోటారు, కేబుల్, బండి బాడుగ, అన్నీ వృద్ధిలో భాగమే. మోటారు అరుగుదలను తీసేసి నికర ఆదాయం చూపించే పద్ధతి కూడా ఉంది. అంటే అరిగే మోటారుకు లెక్క ఉంది, తరిగే నీటికి లేదు. ఈ ఒక్క మాటను నేను ఎన్నిసార్లయినా చెబుతాను.

దేశం సంగతికి వస్తే, సహజ వనరుల్లో రెండు రకాలను కలిపి మాట్లాడటం వల్ల వాదనలు తెగకుండా సాగుతుంటాయి. తిరిగి పుట్టేవి వేరు, ఒకసారి తీస్తే అయిపోయేవి వేరు. అయిపోయేవాటి విషయంలో ఆవును అమ్మడం తప్ప దారి లేదు. బంగారం భూమిలో ఉంచుకుంటే ఏ ఇంటికీ అన్నం పెట్టదు. అమ్మాక ఆ డబ్బుతో ఏం చేశామన్నదే ప్రశ్న.

కుప్పం, వి.కోట వైపు వాళ్లకు కోలార్ బంగారు గనుల గురించి చెప్పక్కర్లేదు. సరిహద్దు దాటితే చాలు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ చేతికి వచ్చాక అక్కడ తవ్వకం పెద్ద ఎత్తున మొదలైంది. శివసముద్రం జలపాతం దగ్గర తయారైన కరెంటు 1902లోనే ఆ గనులకు చేరింది. మన పల్లెలు కరెంటు ఎరగని రోజులవి. గనులు మూడు కిలోమీటర్ల లోతుకు దిగాయి. నూట ఇరవై ఏళ్లలో సుమారు 800 టన్నుల బంగారం తీశారు. 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. కుప్పం వైపు చిగురుగుంట, బిసానత్తం గనుల్లోనూ తవ్వకం ఆగిపోయింది. ఇప్పుడు అక్కడ మిగిలింది సైనైడు కలిసిన మట్టి దిబ్బలు, గాలి వీస్తే ఊళ్ల మీదికి లేచే దుమ్ము, తెల్లవారకముందే పనికోసం బెంగళూరు రైలెక్కే జనం. అంత బంగారంలో ఒక చిన్న పాయ అయినా ఆ ఊరి రేపటి కోసం విడిగా దాచి ఉంటే అని అటువైపు వెళ్లినప్పుడల్లా నాకు అనిపిస్తుంది.

పసిఫిక్‌లో నౌరు అనే దీవి దేశానిదీ ఇదే కథ, ఇంకా కటువుగా. మొత్తం 21 చదరపు కిలోమీటర్లు. దాని నేలలో చాలా భాగం ఎరువులకు పనికొచ్చే ఫాస్ఫేటు. 1968లో స్వాతంత్ర్యం వచ్చాక కొన్నేళ్లు తలసరి ఆదాయంలో ప్రపంచంలోకెల్లా పైవరసలో నిలిచింది. ఫాస్ఫేటు అయిపోవచ్చింది, దాచిన నిధి చెడ్డ పెట్టుబడుల్లో కరిగిపోయింది, దీవి నడిమి భాగం సాగుకు పనికిరాని సున్నపురాయి మొనలుగా మిగిలింది.

నార్వే చేసింది వేరు. 1969 చివర్లో సముద్రంలో చమురు కనుగొన్నారు. 1990లో చట్టం చేసి ఒక నిధి పెట్టారు, 1996 నుంచి అందులో చమురు డబ్బు వేస్తూ వచ్చారు. దాని మీద వస్తుందని అంచనా వేసిన రాబడి మేరకే ఏటా ఖర్చు పెట్టాలన్నది నియమం. మొదట 4 శాతం అనుకున్నారు, 2017లో 3 శాతానికి తగ్గించారు. చమురు ఏదో ఒకరోజు అయిపోతుంది, నిధి ఉంటుంది. ఖనిజం అమ్మగా వచ్చిన మిగులును తినకుండా ఇంకో రకం ఆస్తిగా మార్చుకుంటే తర్వాతి తరాల బతుకు దిగజారదని జాన్ హార్ట్‌విక్ అనే ఆర్థికవేత్త 1977లో సూత్రంగా నిరూపించాడు. మా జేజి ఆవు దుడ్డును వేరే పేజీలో రాయించి ఊరుకోలేదు. వానలు పడ్డాక ఆ దుడ్డుతోనే ఒక పెయ్యదూడను తెచ్చి కట్టేసింది.

రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో ప్రపంచంలోనే పెద్ద ముగ్గురాయి నిల్వల్లో ఒకటి ఉంది. చమురు బావులు తవ్వేచోట ఆ పొడి కావాలి కాబట్టి దేశదేశాలకూ పోతుంది. ఆ డబ్బు ఏ పేజీలో పడుతోందన్నది ఆ చుట్టుపక్కల ప్రతి పంచాయతీ అడగదగ్గ ప్రశ్న.

తిరిగి పుట్టేవాటి దగ్గర లెక్క ఇంకా చిక్కుగా ఉంటుంది. వాటిలో అమ్మకానికి పోయే భాగం చిన్నది, అమ్మకానికి రాని భాగం పెద్దది. శేషాచలం కొండలనే తీసుకోండి. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది ఈ దక్షిణ తూర్పు కనుమల్లోనే. లోపలి ఎర్రటి చేవ ముదరడానికి దశాబ్దాలు పడుతుంది. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్నాయి, దొంగ రవాణా ఆగలేదు. చైనా, జపాన్‌లలో దానికి పలికే ధరకూ, రాత్రిపూట గొడ్డలి పట్టుకుని కొండెక్కే మనిషికి దక్కే కూలికీ మధ్య ఉన్న దూరమే ఈ రక్తపాతానికి మూలం. 2015 ఏప్రిల్ 7న ఈ అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. వాళ్లు తమిళనాడు పల్లెల నుంచి వచ్చిన వాళ్లు. విలువైన వనరు ఉండి, దాని లాభం న్యాయంగా చేరే దారి లేని ప్రతి చోటా ఇలాగే ఉంటుంది, అది ఆఫ్రికా వజ్రమైనా మన కొయ్య అయినా.

దుంగకు ధర ఉంది కాబట్టి దుంగ గురించే మాట్లాడుకుంటాం. నిలబడ్డ అడవి చేసే పనికి ధర లేదు. తిరుమల ఘాట్ రోడ్డులో కొండ కోసిన చోట గమనిస్తే, కింద పాత గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు రాయి కనిపిస్తాయి. ఆ రెండు పొరల వయసుల మధ్య వందల మిలియన్ల ఏళ్ల తేడా ఉంది. జాతీయ భూవిజ్ఞాన స్మారకమని అక్కడ బోర్డు కూడా పెట్టారు. పైరాయి నిండా పగుళ్లు. అడవి నేల వాన వేగాన్ని ఆపి, ఆకుల పరుపులో ఇంకించి, ఆ పగుళ్లలోకి దింపుతుంది. కొండ చరియల్లో ఊటలు, జలధారలు ఇన్ని ఉండటానికి ఆ పగుళ్లకూ ఆ అడవికీ సంబంధం ఉంది. పాపవినాశనం, గోగర్భం, ఆకాశగంగ, కుమారధార, పసుపుధార జలాశయాలు నిండేది ఆ కొండల నీటితోనే. కొండ కింద 1977లో కట్టిన కల్యాణి డ్యామూ అంతే. రోజుకు అరవై డెబ్భై వేల మంది వచ్చిపోయే కొండ మీద స్నానం, అన్నప్రసాదం, కొబ్బరికాయ అంగడి, బస్సు టికెట్టు, కింద తిరుపతిలో హోటలు గది, ఆటో బాడుగ, అన్నీ జీడీపీలో ఉన్నాయి. వాటన్నిటికీ ఆధారమైన అడవి పని అందులో సున్నా. శ్రీవారి కొండకు వెల కట్టమని నేనడగడం లేదు, అలా కట్టగలిగేది కాదు కూడా. వెల కట్టలేనిది వేరు, విలువ లేనిది వేరు. పట్టికలో రెండూ సున్నాగానే కనిపిస్తాయి.

ఈ విషయంలో మన దేశం ఒక మంచి అడుగు వేసింది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా పంచేటప్పుడు అడవి ఎంత ఉందన్నది కూడా చూడాలని 14వ ఆర్థిక సంఘం నిర్ణయించి, దానికి 7.5 శాతం ప్రాధాన్యం ఇచ్చింది. 15వ సంఘం దాన్ని 10 శాతం చేసింది. అడవిని నిలుపుకున్న రాష్ట్రానికి నరకనందుకు డబ్బు వస్తుందన్నమాట. కోస్టారికా 1996లో చట్టం చేసి నేరుగా భూమి యజమానులకే ఇలాంటి చెల్లింపులు మొదలుపెట్టింది. ఒకప్పుడు పావు వంతుకు పడిపోయిన అక్కడి అడవి ఇప్పుడు దేశంలో సగం దాటింది. మనదగ్గర డబ్బు రాష్ట్ర ఖజానా దాకా వచ్చి ఆగిపోతుంది, కొండ కింద మేకలు కాసుకునే ఇంటిదాకా రాదు. అది వచ్చిననాడు గొడ్డలి కూలికి ఆశపడేవాళ్లు తగ్గుతారని నా నమ్మకం.

అన్నిటినీ డబ్బుగా, డబ్బును ఇంకో ఆస్తిగా మార్చుకోవచ్చా? ఆర్థికవేత్తల మధ్య అసలు తగవు ఇదే. మార్చుకోవచ్చని ఒక వర్గం అంటుంది. అడవి తగ్గినా కాలేజీలు పెరిగితే మొత్తం మీద నష్టం లేదంటారు. కొన్నిటికి ప్రత్యామ్నాయం లేదని రెండో వర్గం అంటుంది. బ్రిటన్ ఆర్థిక శాఖ కోరగా పార్థ దాస్‌గుప్తా 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన సమీక్షలో, 1992 నుంచి 2014 వరకు ప్రపంచంలో తలసరి లెక్కన మనిషి కట్టిన ఆస్తి రెట్టింపయిందనీ, చదువు, నైపుణ్యం, ఆరోగ్యం రూపంలోని మానవ సంపద 13 శాతం పెరిగిందనీ, ప్రకృతి సంపద 40 శాతం దాకా తగ్గిందనీ చూపించాడు. నేను రెండో వర్గం వైపే. పులికాట్ సరస్సు ఇప్పుడు చాలా భాగం మా తిరుపతి జిల్లాలోనే ఉంది. దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. రాయదొరువు దగ్గర సముద్రపు ముఖద్వారం పూడిపోతే ఉప్పునీటి రాకపోకలు ఆగి, రొయ్య తగ్గి, పడవలు ఒడ్డుకే ఉంటాయి. ఎంత మంచి కాలేజీ కట్టినా ఆ రొయ్యను పెంచలేదు. చదువుకున్న పిల్లలు వేరే పనికి పోవచ్చు. సరస్సు మీదే బతికిన యాభై ఏళ్ల మనిషి ఎక్కడికి పోతాడు?

ప్రత్యామ్నాయం ఉన్నచోట కూడా అది ఎంత ఖరీదో చూసుకోవాలి. గొలుసు చెరువులు పూడిపోయి, వంకలు ఆక్రమణలో పోయాక, శ్రీశైలం నుంచి వందల కిలోమీటర్లు కాలువ తవ్వి, మెట్లు మెట్లుగా ఎత్తిపోస్తూ కృష్ణమ్మను కుప్పం దాకా తెచ్చుకున్నాం. ఆ నీళ్లు చూసి కళ్లు చెమర్చిన వాళ్లలో నేనూ ఒకణ్ని. ఎత్తిపోసే ప్రతి చుక్కకూ కరెంటు బిల్లుంది. మా ఊరి చెరువుకు వానతో వచ్చే నీటికి లేదు. రెండూ కావాలి. ఒకటి ఉంది కదా అని రెండోదాన్ని పూడ్చుకోకూడదు.

లేని గడి ఇప్పుడిప్పుడే గీస్తున్నారు. పర్యావరణ లెక్కల కోసం ఐక్యరాజ్యసమితి 2012లో ఒక పద్ధతిని ఆమోదించింది. 2021లో అడవులు, చిత్తడి నేలల వంటి జీవావరణాలనూ అందులో చేర్చింది. మన కేంద్ర గణాంక శాఖ 2018 నుంచి ఆ దారిలో పర్యావరణ లెక్కల సంపుటాలు వేస్తోంది. 2025 మార్చిలో ఆమోదం పొందిన కొత్త జాతీయ లెక్కల పద్ధతిలోనైతే, గనుల వంటి సహజ వనరులు తరిగితే ఆ తరుగును ఉత్పత్తి ఖర్చుగా నికర ఆదాయంలోంచి తీసేయాలి. ఆవు దుడ్డును వేరే పేజీలో రాయడమే ఇది. దేశాలు దీన్ని అమలు చేయడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది. చేసినా ఇసుక పట్టి ఉంచే నీరు, అడవి ఇంకించే వాన అందులోకి ఒక్కసారిగా రావు.

2021 నవంబరులో ఆగకుండా కురిసిన వానలకు స్వర్ణముఖి పొంగింది. తిరుపతి వీధుల్లో నీళ్లు నిలిచాయి. రామచంద్రాపురం మండలంలో శతాబ్దాల నాటి రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ నష్టం తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. అదే వానకు మా ఊరి చెరువు ఎన్నో ఏళ్ల తర్వాత నిండి మొరవ పోయింది. నెల తిరిగేసరికి, తమ్ముడు చెత్త వేసుకోవడానికి వాడుకుంటున్న మా పాత బావిలో నీటి చెమ్మ కనిపించింది. చెత్తంతా తీయించాం. ఆ తర్వాత రెండేళ్లు మా వీధిలో ఎవరూ కొత్త బోరు వేయించలేదు. మా నాయన అప్పు పుస్తకంలో ఆ రెండేళ్లూ కొత్త అంకె పడలేదు.